ఎనిమిది వేల పొదుపు

ఇక్కడ ఏదైనా వ్రాసి చాలా రోజులయింది. పుస్తకాలకూ పద్యాలకూ కేటాయించుకొన్న ఈ చోట డబ్బు లెక్కలు వ్రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. అయితే మా ఇంట జరిగిన ఒక వ్యవహారంలో నా పాత్ర కూడా ఉండటం వల్లా, అటువంటిదే మీలో చాలామంది ఇళ్ళల్లో రేపో మాపో జరిగే అవకాశం ఉండటం వల్లా వ్రాయక తప్పటం లేదు. ముందే మనవి చేసుకొంటున్నాను: ఈ కథలో నేను బుద్ధిమంతుడిగా కనబడను.

మా బావగారిది మధిర దగ్గర పల్లె. మిరప వేస్తారు. ధర పలికిన ఏడు నవ్వుతూ, పలకని ఏడు మాట్లాడకుండా ఉండే మనిషి. అక్కయ్యకు ఒక్కడే కొడుకు, టెక్సాసులో ఎమ్మెస్ చదువుతున్నాడు. 2025 ఆగస్టులో వాడి రెండో సంవత్సరపు ఫీజులో మొదటి వాయిదా కట్టవలసి వచ్చింది. నాలుగు లక్షలు పంపాలి. బావగారు బ్యాంకుకు వెళ్ళి, రెండు గంటలు కూర్చొని, వాళ్ళు చెప్పిన రేటు ఒక కాగితం ముక్కమీద వ్రాయించుకొని వచ్చి నాకు ఫోను చేశారు.

"ఏమయ్యా, టీవీలో డాలరు ఎనభై ఏడున్నర అంటున్నాడు. బ్యాంకులో ఎనభై తొమ్మిదీ పది పైసలు అంటున్నారు. ఈ తేడా ఎవరికి పోతుంది?"

ఆ ప్రశ్నకు సమాధానం నాకు తెలుసు. చెప్పి ఊరుకొంటే సరిపోయేది. నేను ఇంకో మాట కూడా అన్నాను: "బావా, అక్కడి పిల్లలందరూ మార్చుకొంటారు కదా, వాణ్ణి అడగండి."

ఈ "మార్చుకోవటం" గురించి తెలియని తెలుగు విద్యార్థి అమెరికాలో ఉంటాడని నేననుకోను. దీన్ని గురించి ఎవరూ బహిరంగంగా వ్రాయరు గాని, అందరికీ తెలుసు. అక్కడ ఉద్యోగం చేస్తున్న ఒకాయనకు ఇండియాలో రూపాయలు కావాలి. ఇల్లు కొంటున్నాడో, చెల్లెలి పెళ్ళి చేస్తున్నాడో. మన పిల్లవాడికి అక్కడ డాలర్లు కావాలి. ఇద్దరూ ఏదో ఒక ఫోను బృందంలో కలుస్తారు. ఇక్కడ తండ్రి ఆయన చెప్పిన ఖాతాలో రూపాయలు వేస్తాడు. అక్కడ ఆయన పిల్లవాడి ఖాతాలో డాలర్లు వేస్తాడు. డబ్బు సముద్రం దాటదు. బ్యాంకు కమీషను లేదు, రేటులో తేడా లేదు, ఫారాలు లేవు. ఇద్దరికీ లాభమే. ఇంత చక్కటి ఏర్పాటులో తప్పేముందని నేనూ చాలా ఏళ్ళు అనుకొన్నాను.

మేనల్లుడికి ఒకతను దొరికాడు. తెలుగువాడు, విజయవాడ వాళ్ళమని చెప్పాడట. ముందు పరీక్షగా యాభై వేలు వేశారు. పది నిమిషాల్లో డాలర్లు పడ్డాయి. నమ్మకం కుదిరింది. మరునాడు మిగిలిన మూడున్నర లక్షలు వేశారు. ఎనభై ఏడున్నర చొప్పున సరిగ్గా నాలుగు వేల డాలర్లు. అవీ పడ్డాయి. బావగారు నాకు ఫోను చేసి "ముట్టినయ్యయ్యా" అన్నారు. వాడు అదే రోజు ఫీజు కట్టేశాడు.

ఆరో రోజున వాడి ఖాతా మూసుకుపోయింది.

జరిగినదేమిటంటే, ఆ నాలుగు వేల డాలర్లు వచ్చిన ఖాతా మా విజయవాడ పెద్దమనిషిది కాదు. వేరే రాష్ట్రంలో ఉన్న ఒక వృద్ధురాలిది. ఎవరో ఆమె ఖాతాలోకి చొరబడి తీసిన సొమ్ము అది. ఆమె ఫిర్యాదు చేసింది. బ్యాంకు ఆ సొమ్మును వెనక్కు తీసుకొని, మావాడి ఖాతాను స్తంభింపజేసింది. ఫీజుకోసం పోయిన చెల్లింపు తిరిగివచ్చింది. విశ్వవిద్యాలయం వాడి నమోదు నిలిపివేసింది. నమోదు లేకపోతే విద్యార్థి వీసాకు ఆధారమే లేదు. ఈ సంగతి ఆ దేశంలో చదివిన వాళ్ళకు చెప్పనక్కరలేదు.

రాత్రి రెండు గంటలకు వాడు నాకు ఫోను చేశాడు. "మామయ్యా, నాన్నకు ఎలా చెప్పను?" అన్నాడు. నేనే చెప్పాను. అక్కయ్య గొలుసూ గాజులూ కుదువబెట్టి, అదే బ్యాంకులో, అదే రేటుకు, మళ్ళీ నాలుగు వేల డాలర్లు పంపించాం. నాలుగో రోజున చేరాయి. సెమిస్టరు నిలిచింది.

ఇక్కడిదాకా ఇది మోసపోయిన వాళ్ళ కథ. రోజూ పత్రికల్లో వచ్చేదే. నేను వ్రాయదలచుకొన్నది ఆ తరువాత సంగతి. బావగారు 1930కి ఫోను చేశారు. సైబరు నేరాల్లో డబ్బు పోయినవారికోసం ఉన్న జాతీయ సహాయ సంఖ్య అది. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది, డబ్బు చేతులు మారేలోగా ఎక్కడో ఒకచోట ఆపగలుగుతారు. మేము చేసేసరికి వారం గడిచింది. పోలీసుస్టేషనుకు కూడా వెళ్ళాం. అక్కడి యువ అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "ఈ ఖాతాలోకి మూడున్నర లక్షలు ఎందుకు పంపారండీ?" అని అడిగాడు. సహజమైన ప్రశ్న.

బావగారు నా మొహం చూశారు. నేను గోడ చూశాను.

ఏమని చెప్పాలి? అప్పు తీర్చామని చెబితే అబద్ధం. సరుకు కొన్నామంటే అబద్ధం. నిజం చెప్పాలంటే, అమెరికాలో మా పిల్లవాడికి డాలర్లు ఇప్పించుకోవటానికి ఇక్కడ రూపాయలిచ్చామని చెప్పాలి. ఆ నిజమే ఒక ఉల్లంఘన. 2000 జూన్ నుండి అమల్లో ఉన్న విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, అంటే ఫెమా, మూడవ విభాగంలో ఈ పనిని స్పష్టంగా వద్దన్నది. అధీకృత వ్యక్తి ద్వారా తప్ప విదేశీ మారకంలో లావాదేవీ చేయరాదు. విదేశవాసి తరఫున ఎవరికీ ఇక్కడ చెల్లింపు చేయరాదు, పుచ్చుకోరాదు. విదేశంలో ఆస్తి పొందటానికి బదులుగా ఇక్కడ ఆర్థిక వ్యవహారం జరపరాదు. మనం "మార్చుకోవటం" అని ముద్దుగా పిలుచుకొనే పని ఇందులో ఒక్కదాన్ని కాదు, అన్నింటినీ అతిక్రమిస్తుంది. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు వేయవచ్చు. పాత ఫెరా చట్టంలోలాగా నేరుగా జైలు కాదు, నిజమే. కాని మిరప రైతుకు పది లక్షల జరిమానా అనే మాట ఒక్కటి చాలదా?

చివరికి నిజమే చెప్పాం. చెప్పకపోతే ఆ వృద్ధురాలి సొమ్ము కాజేసినవాడి ముఠాలో మా మేనల్లుడూ ఒకడని ఎవరైనా అనుకొనే అవకాశం ఉందని భయపడ్డాం. అధికారి కాసేపు వ్రాయటం ఆపి, "పెద్దవారు, మీరు చదువుకొన్నవారిలా ఉన్నారు, మీరైనా చెప్పలేదా?" అని నన్ను అడిగాడు. చెప్పింది నేనే అని అనలేకపోయాను. మేం రూపాయలు వేసిన ఖాతా ఉత్తరాదిలో ఎవరో కుర్రవాడి పేర ఉంది. కొద్దిపాటి కమీషనుకు తన ఖాతాను అద్దెకిచ్చినవాడట. డబ్బు అప్పటికే అక్కడినుంచి వెళ్ళిపోయింది.

అందుకే అంటున్నాను, ఈ మార్పిడిలో అసలు నష్టం మోసపోయే ప్రమాదం ఉండటం కాదు. బ్యాంకులోనూ పొరపాట్లు జరుగుతాయి, డబ్బు తప్పు ఖాతాకు పోతుంది, ఆలస్యమవుతుంది. కాని అప్పుడు చేతిలో ఒక రసీదు ఉంటుంది, దాన్ని పట్టుకొని అడిగే హక్కు ఉంటుంది. ఇక్కడ మనం డబ్బుతోపాటు ఫిర్యాదు చేసే నోటిని కూడా ముందే అప్పజెప్పి వస్తున్నాం. ఇటువంటి మోసగాళ్ళకు మన గురించి అన్నిటికంటే బాగా తెలిసిన విషయం ఇదే.

అటునుంచి ఇటు మార్చుకొనే వాళ్ళకూ ఇదే ముప్పు. నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి పింఛను ఖాతా కొన్ని నెలలు స్తంభించింది. అమెరికాలో కొడుకు ఎవరికో డాలర్లిచ్చాడు, ఇక్కడ తండ్రి ఖాతాలో రూపాయలు పడ్డాయి. ఆ రూపాయలు ఎక్కడో ఎవరినో మోసగించి రాబట్టినవి. ఆ ఊరి పోలీసులు డబ్బు నడిచిన దారి పట్టుకొని వచ్చి ఈయన ఖాతా దగ్గర ఆగారు. ఆయన మందుల దుకాణంలో అప్పు పెట్టవలసివచ్చింది. కొడుకు మిగిల్చుకొన్నది ఎంతని నేనడగలేదు.

ఇక మేము ఎంత మిగుల్చుకోబోయామో లెక్క వేశాను. బావగారి కాగితం ముక్కను ముందు పెట్టుకొనే వేశాను. నాలుగు వేల డాలర్లకు అసలు మారకపు రేటు ప్రకారం 3,50,000 రూపాయలు. బ్యాంకు చెప్పిన 89.10 చొప్పున 3,56,400. తేడా 6,400. పంపినందుకు రుసుము వెయ్యి, దానిమీద జీఎస్టీ 180. ఇది కాక మారకానికి విడిగా జీఎస్టీ ఉంది. దాని లెక్క కొంచెం విచిత్రమైనది. లక్ష దాటి పది లక్షలలోపు మొత్తానికి వెయ్యి రూపాయలూ, లక్షకు పైబడినదానిమీద అర శాతమూ కలిపి దాన్ని "సేవ విలువ" అంటారు. ఆ విలువమీద 18 శాతం పన్ను. మాకది 411 రూపాయలు. మొత్తం కలిపితే 7,991. ఎనిమిది వేలకు తొమ్మిది రూపాయలు తక్కువ.

ఎనిమిది వేలు మిగుల్చుకోబోయి మూడున్నర లక్షలు పోగొట్టుకొన్నాం.

ఈ వాక్యం వ్రాశాక ఇక బ్యాంకువాళ్ళను పొగిడి టపా ముగించవచ్చు. కాని అది అన్యాయం. ఎందుకంటే ఆ ఎనిమిది వేలలో బ్యాంకువాళ్ళు "చార్జీ" అని నోటితో చెప్పింది వెయ్యి మాత్రమే. గోడమీద బోర్డులో ఉన్నదీ అదే. మిగతాదంతా రేటులో దాక్కొని ఉంది. బావగారు టీవీ చూసే మనిషి కాబట్టి పట్టుకొన్నారు. "ఈ తేడా ఎవరికి పోతుంది?" అన్న ఆయన ప్రశ్నకు కౌంటరులో ఎవరైనా ఓపికగా జవాబు చెప్పి ఉంటే, ఆయన నాకు ఫోను చేసేవారే కాదు. మనుషుల్ని దొంగదారివైపు తోసేది ధర ఎక్కువగా ఉండటం కాదు, ధరను దాచటం. దాచిన చోట మనవాళ్ళు దోపిడీని ఊహించుకొంటారు. ఊహ ఎప్పుడూ నిజంకంటే పెద్దదిగానే ఉంటుంది.

నేను 2001లో చదువుకోవటానికి వెళ్ళినప్పుడు డాలరు నలభై ఏడు రూపాయల దగ్గర ఉండేది. మా ఊరి బ్యాంకు శాఖలో విదేశీ మారకం లేదు. నాన్నగారు బస్సెక్కి విజయవాడ వెళ్ళి, డాలర్ల డ్రాఫ్టు తీసి, దాన్ని ఉత్తరం మడతల్లో పెట్టి రిజిస్టరు పోస్టులో పంపేవారు. అది నాకు చేరటానికి రెండు వారాలు, అక్కడి బ్యాంకు దాన్ని వసూలు చేసుకోవటానికి ఇంకో మూడు నాలుగు వారాలు. ఉత్తరం చివర ఎప్పుడూ ఒకే మాట: "డ్రాఫ్టు ముట్టిన వెంటనే వ్రాయగలవు." ఆ డ్రాఫ్టుకు ఎంత ఖర్చయిందో, ఆ డబ్బు ఎక్కడనుంచి తెచ్చారో ఆయన ఎన్నడూ వ్రాయలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, మన ఇళ్ళల్లో ఈ వ్యవహారం ఇరవై అయిదేళ్ళుగా అలాగే నడుస్తోంది. పంపేవాళ్ళు కష్టం చెప్పరు, అందుకొనేవాళ్ళు ఖర్చు అడగరు. బ్యాంకుకు ఇంతకంటే మంచి ఖాతాదారులు దొరుకుతారా?

"మనవాళ్ళ మధ్య నమ్మకంమీద నడిచే వ్యవహారాన్ని నేరమంటారేమిటి?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. గల్ఫు హుండీ మాట ఎత్తాడు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఎన్నో ఇళ్ళు ఆ హుండీమీదనే లేచాయన్నాడు. కాదనను. హుండీ అన్న మాట ఈనాడు చెవికి నేరంలా వినబడుతోంది గాని, ఒకప్పుడు అది ఈ దేశపు వర్తకుల గౌరవనీయమైన పత్రం. చూపిన వెంటనే చెల్లించవలసినదాన్ని దర్శనీ హుండీ అనీ, గడువు తరువాత చెల్లించేదాన్ని ముద్దతీ హుండీ అనీ అనేవారు. దాని బలమంతా మనిషి ముఖంలో ఉంది. గల్ఫు హుండీలో కూడా డబ్బు తెచ్చి ఇచ్చేవాడి ఇల్లు ఏ వీధిలో ఉందో ఊరికి తెలుసు. మాట తప్పితే వాడు ఆ ఊళ్ళో తిరగలేడు. అయినా అది చట్టానికి విరుద్ధమే, పట్టుబడితే ఇబ్బందే. కాని అందులో కనీసం ఒక పూచీ ఉంది. ఫోను బృందంలో దొరికిన "విజయవాడ వాళ్ళం" అన్న మాటలో ఏ పూచీ ఉంది? తెలుగులో మాట్లాడినంత మాత్రాన మనవాడైపోతాడన్నది మన పరాయిదేశపు ఒంటరితనం మనకు నేర్పిన భ్రమ. నాకూ ఉంది ఆ భ్రమ. ఎవరైనా చక్కని తెలుగు వ్రాస్తే చాలు, సచ్ఛీలుడని నమ్మే జబ్బు మనలాంటి వాళ్ళకు మరీ ఎక్కువ.

సరే, మరి ఏం చేయాలి? నేను నేర్చుకొన్నవి కొన్ని చెబుతాను. వృత్తిరీత్యా నాకు ఈ విషయంలో ఏ అధికారమూ లేదు, దెబ్బ తిన్న అనుభవం తప్ప.

బ్యాంకుకు వెళ్ళి "చార్జీ ఎంత?" అని అడగకూడదు. "నేను ఇన్ని రూపాయలు ఇస్తే, అక్కడ మావాడి ఖాతాలో ఎన్ని డాలర్లు పడతాయి?" అని అడగాలి. ఆ ఒక్క అంకె పట్టుకొని రెండు మూడు చోట్ల విచారిస్తే ఎవరు ఏ పేరుతో ఎంత తీసుకొన్నా మనకు అక్కరలేదు. ఆ అంకెను కాగితంమీద వ్రాయించుకోవాలి. మారకపు రేటు బేరమాడదగినదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. రెండవసారి వెళ్ళినప్పుడు నేను మేనేజరుగారితో, మొత్తం పెద్దది కదా, మీ ట్రెజరీని అడిగి మంచి రేటు ఇప్పించండి అన్నాను. ఆయన ఫోను చేశారు. ముప్పై పైసలు తగ్గింది. నాలుగు వేల డాలర్లకు 1,200 రూపాయలు, ఒక్క మాటకు!

మధ్యవర్తి బ్యాంకుల సంగతి మరొకటి. మన బ్యాంకుకూ అక్కడి బ్యాంకుకూ నేరుగా ఖాతాలు లేకపోతే, స్విఫ్ట్ సందేశం మూడో బ్యాంకు మీదుగా నడుస్తుంది. అది తన కూలి తాను కోసుకొంటుంది. మేము గొలుసు కుదువబెట్టి పంపిన నాలుగు వేలలో చేరింది 3,980. ఫీజుకు ఇరవై డాలర్లు తక్కువ. ఆ ఇరవైకి విశ్వవిద్యాలయం ఇంకోసారి నోటీసు పంపింది. ఫారంలో చార్జీలు ఎవరివన్న చోట అన్నీ పంపేవాడివే అని గుర్తు పెడితే చాలావరకు ఈ కోత ఉండదు, ఇక్కడ కొంచెం ఎక్కువ కట్టాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు ఫీజులకోసం ఏదో ఒక చెల్లింపుల సంస్థను నియమించుకొంటాయి, దానికి రూపాయల్లోనే కట్టవచ్చు. పిల్లవాణ్ణి అడిగితే చెబుతాడు. మావాడు అడగకపోతే చెప్పలేదు! క్రెడిట్ కార్డుతో కట్టేద్దామన్న ఆలోచన వస్తే మాత్రం దానిమీద విదేశీ మారకానికి వేసే అదనపు శాతాన్ని చూసుకోండి. మూడు, మూడున్నర శాతం మామూలు.

పన్ను గురించి ఊళ్ళో ఉన్న భయం చాలా పెద్దది. దానికి కారణం లేకపోలేదు. రిజర్వు బ్యాంకు 2004లో మొదలుపెట్టిన ఎల్.ఆర్.ఎస్. పథకంలో అప్పుడు మనిషికి పరిమితి 25,000 డాలర్లు. ఎన్నో మార్పుల తరువాత 2015లో అది ఏడాదికి 2,50,000 అయింది. 2020 అక్టోబరు నుండి ఏడాదిలో ఏడు లక్షలు దాటితే, దాటిన మొత్తంమీద బ్యాంకు ముందుగానే పన్ను వసూలు చేసి జమకట్టటం మొదలైంది. 2023 అక్టోబరులో చదువు, వైద్యం కాని ఇతర అవసరాలకు దాన్ని 20 శాతం చేశారు, చదువుకు 5 శాతమే ఉంచారు. 2025 ఏప్రిల్ నుండి ఏడు లక్షల హద్దు పది లక్షలయింది. ఈ శాతాలు బడ్జెటు బడ్జెటుకూ మారేవి, కాబట్టి పంపే రోజున ఎంతో అక్కడే అడగాలి. కాని రెండు సంగతులు మారలేదు. మొదటిది, ఇది ఖర్చు కాదు. పాన్ పేర జమపడుతుంది, రిటర్ను దాఖలు చేస్తే పన్నులో సర్దుబాటవుతుంది లేదా తిరిగివస్తుంది. కాకపోతే వ్యవసాయమే తప్ప వేరే ఆదాయం లేక జన్మలో రిటర్ను వేయని మా బావగారివంటి వారు, తమ డబ్బు తాము తెచ్చుకోవటానికి ఆడిటరు గుమ్మం ఎక్కాలి. దీన్ని నేను న్యాయమనలేను. రెండవది, ఫారంలో "దేనికోసం" అన్న గడి. పిల్లవాడి ఫీజే కాదు, చదువుకొనేందుకు అక్కడ అయ్యే రోజువారీ ఖర్చులు కూడా చదువుకిందికే వస్తాయి. కౌంటరులో తొందరలో "కుటుంబ పోషణ" అని టిక్కు పెట్టేస్తే, హద్దు దాటినప్పుడు ఎక్కువ శాతం పడుతుంది. ఆ గడిని మనమే చదివి నింపాలి. తల్లి పేర ఒక భాగం, తండ్రి పేర ఒక భాగం పంపితే ఎవరి హద్దు వారిది, ఎవరి డబ్బు వారిదైనంతవరకు ఇందులో తప్పులేదు.

ఇక నాకున్న అసలు ఫిర్యాదు. అమెరికానుంచి విదేశాలకు డబ్బు పంపేవారికి 2013 అక్టోబరు నుండి ఒక నియమం రక్షణగా ఉంది. డబ్బు కట్టకముందే, రుసుము ఎంత, మారకపు రేటు ఎంత, అవతలివాడికి చేరేది ఎంత అని కాగితంమీదగాని తెరమీదగాని చూపించాలి. కట్టిన అరగంటలోగా మనసు మార్చుకొంటే రద్దు చేసి వాపసు ఇవ్వాలి. మా మేనల్లుడి గదిలో ఉండే కుర్రవాడు ఇంటికి రెండు వందల డాలర్లు పంపినా ఆ వివరం అతనికి కనబడుతుంది. ఇక్కడ నాలుగు లక్షలు పంపిన మా బావగారికి దొరికింది ఎవరో వెనుకవైపు గీకి ఇచ్చిన కాగితం ముక్క. ఆ ముక్క కూడా ఆయన పట్టుబట్టి అడిగితే ఇచ్చింది. నిజాయితీగా పంపేవాడికి నిజాయితీగా ధర చూపించటం ఇంత కష్టమా?

సాంకేతికత లేక కాదు. 2023 ఫిబ్రవరి 21న మన యూపీఐని సింగపూరు పేనౌతో కలిపారు. ఫోను నంబరుతో ఇక్కడినుంచి అక్కడికి డబ్బు పంపే వీలు వచ్చింది. అప్పుడు పెట్టిన పరిమితి రోజుకు 60,000 రూపాయలు. సింగపూరులో చెల్లెలున్న మా పక్కింటాయన దాన్ని వాడి చూపించినప్పుడు నాకు నాన్నగారి విజయవాడ బస్సు గుర్తుకొచ్చింది. ప్రపంచ దేశాలన్నీ 2015లో ఐక్యరాజ్యసమితిలో ఒప్పుకొన్న లక్ష్యాల్లో, వలసవెళ్ళినవారు ఇళ్ళకు పంపే డబ్బుమీద అయ్యే ఖర్చును 2030 నాటికి మూడు శాతంకంటే తగ్గించాలన్నది ఒకటి. అది కూలికి వెళ్ళినవారు ఇంటికి పంపే డబ్బు గురించి. పొలంలో ఉన్నవారు బయటి పిల్లలకు పంపే డబ్బు గురించి అటువంటి లక్ష్యం ఎవరూ పెట్టుకోలేదు. వాళ్ళు సంపన్నులని ఒక అభిప్రాయం ఉన్నట్టుంది. మధిరకు ఒకసారి రమ్మనండి.

ఇంత వ్రాశాక, మార్చుకొనే కుర్రవాళ్ళందరూ దొంగలని నేనంటున్నానని ఎవరూ అనుకోవద్దు. నూటికి ఎక్కువమంది నిజంగా చెల్లెలి పెళ్ళి చేస్తున్నవాళ్ళే అయివుంటారు. మా వాడు కూడా ఆ ముందు ఏడాది రెండుసార్లు మార్చుకొన్నాడట, ఏమీ కాలేదట. ఈ సంగతి ఇప్పుడు చెప్పాడు. ఆ రెండుసార్లు ఏమీ కాకపోవటం వల్లనే మూడోసారి మూడున్నర లక్షలు ఒక్కసారిగా వేయటానికి ధైర్యం వచ్చింది. ఆ రెండుసార్లు మిగిలినది ఎంతని అడిగాను. లెక్క వేసి చెప్పాడు: ఆరు వేలు.

వాడి ఖాతా మళ్ళీ తెరుచుకోలేదు. వేరే బ్యాంకులో తెరిచాడు, దానికి చాలా ఉత్తరాలు వ్రాయవలసివచ్చింది. మూడున్నర లక్షలు రాలేదు, వస్తాయని నేనూ అనుకోవటం లేదు. గొలుసు విడిపించే బాధ్యత నాదని అక్కయ్యకు చెప్పాను. ఆమె "నువ్వేం చేస్తావురా, నీకు తెలిసి చెప్పావా" అంది. తెలిసే చెప్పాను. చట్టం సంగతి నాకు అప్పుడూ తెలుసు.

రెండో వాయిదా పంపేటప్పుడు నన్ను పిలవకుండా బావగారొక్కరే బ్యాంకుకు వెళ్ళారు. మధ్యాహ్నం ఫోను చేశారు. "ఎనభై పైసలు తగ్గించారయ్యా. అక్కడ ఎంత పడుతుందో వ్రాసిస్తేనే సంతకం పెడతానన్నాను. వ్రాసిచ్చారు" అన్నారు. ఆ అంకె నాకు చదివి వినిపించి, వ్రాసుకొమ్మన్నారు. వ్రాసుకొన్నాను. మూడోరోజు పొద్దున మేనల్లుడు అంతే పడ్డాయని చెప్పాడు.